పాజ్ బటన్ ఎవరి చేతిలో ఉంది?

ఈ మధ్య ఏ సాహిత్య సభకి వెళ్లినా ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. "ఈ తరం కలిసి సినిమా చూడ్డం మర్చిపోయింది. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవుల్లో వైర్లు వాళ్లవి" అని. చప్పట్లు కూడా పడతాయి. ఆ మాటలో బాధ నిజమే గానీ నింద పడుతున్నది తప్పుడు మనుషుల మీద. కలిసి చూడాలన్న కోరిక ఎక్కడికీ పోలేదు. సినిమా నడుస్తుండగానే వాట్సాప్‌లో "ఇప్పుడు ఎక్కడున్నావ్? ఆ సీన్ వచ్చిందా?" అని అడుక్కునే వాళ్లందరూ ఆ కోరిక ఉన్నవాళ్లే. పోయింది చోటు. ఆ చోటుని మనమే తాళాలతో సహా కంపెనీలకి అప్పజెప్పి, ఇప్పుడు గుమ్మం బయట నిలబడి ఏడుస్తున్నాం.

నా వాదన సూటిగా చెప్తాను. సినిమా గురించి, సాహిత్యం గురించి పట్టింపు ఉన్న పదిమంది ఉంటే వాళ్లకి సొంత సర్వర్ ఒకటి ఉండాలి. అందరూ ఒకే క్షణంలో ఒకే ఫ్రేము చూసేట్టు, ఎవరు ఆపితే అందరికీ ఆగేట్టు. దీన్ని టెక్కీల సరదాగా కొట్టిపారేయడం మానాలి. ఒకప్పుడు ఊళ్లో గ్రంథాలయం పెట్టుకోవడం ఎంత అవసరమైన పనో ఇదీ అంతే.

*

సర్వర్ అనగానే ఏసీ గదీ, మెరిసే లైట్లూ ఊహించుకోకండి. ఎల్బీనగర్‌లో నేను నడిపేది మూత విరిగిన పాత లాప్‌టాప్. టీవీ స్టాండు కింద, ఇన్వర్టర్ పక్కన పడి ఉంటుంది. 20 వాట్లు తాగుతుందనుకుంటే రాత్రీపగలూ నడిచినా నెలకి 14 యూనిట్లు. దాంట్లో లినక్స్, దాని మీద జెల్లీఫిన్. ఈ జెల్లీఫిన్ పుట్టుకే ఒక తగాదా. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ని మూసేసుకుంటే, ఒప్పుకోని కొందరు 2018 డిసెంబర్‌లో అప్పటిదాకా తెరిచి ఉన్న కోడ్‌ని పట్టుకుని విడిగా కాపురం పెట్టారు. 2020లో వచ్చిన వెర్షన్‌తో అందరూ కలిసి చూసే ఏర్పాటు దాంట్లో భాగమైంది.

ఇంకా తేలిక దారి సింక్‌ప్లే. ఇందులో సర్వర్ దగ్గర సినిమాయే ఉండదు. ఎవరి ఫైలు వాళ్ల దగ్గర, ఎవరి ప్లేయర్ వాళ్లది. వీఎల్‌సీ కావచ్చు, ఎంపీవీ కావచ్చు. సర్వర్ చేసేది కబురు మోయడం ఒక్కటే: ఆపారు, నడిపారు, ఫలానా నిమిషం దగ్గర ఉన్నారు. దీంట్లో నాకు బాగా నచ్చే ఏర్పాటు ఒకటుంది. ఎవరి సినిమా అయినా మిగతావాళ్ల కన్నా ఒకటిన్నర సెకను ముందుకి పోతే, వాళ్ల ప్లేయర్ వేగం 95 శాతానికి తగ్గుతుంది. చూసేవాళ్లకి తేడా పెద్దగా తెలియదు. వెనకబడ్డవాళ్లు అందుకునేదాకా అలా మెల్లగా నడుస్తుంది. తేడా 4 సెకన్లు దాటితే ముందున్నవాళ్లనే వెనక్కి లాగుతుంది. గుంజుకుంటూ రమ్మని వెనకవాళ్ల మీద అరవదు. హాస్టల్ వైఫైలో చూసే అమ్మాయి కోసం ఫైబర్ ఉన్నవాడు అడుగు తగ్గించి నడుస్తాడు. మన సాహిత్య బృందాల్లో ఈ సెట్టింగు ఎక్కడ ఉందో ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

కష్టాలు లేవనను. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇప్పుడు ఇంటింటికీ సొంత పబ్లిక్ అడ్రస్ ఇవ్వవు. బోలెడన్ని ఇళ్లని ఒకే అడ్రస్ వెనక కూచోబెడతాయి. కాలనీ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు: ఉత్తరం బయటికి పోతుంది, బయటి మనిషి లోపలికి రాలేడు. డబ్బులు కడుతున్నది మనమే అయినా మనింటి తలుపు మనం తీయలేం. దీనికి విరుగుడు ఐపీవీ6, లేదంటే చిన్న సర్వర్ ఒకటి అద్దెకి తీసుకుని వైర్‌గార్డ్‌తో సొరంగం తవ్వుకోవడం. లెక్క కూడా భయపడేంత లేదు. రెండున్నర గంటల సినిమా 2 జీబీ ఫైలు అయితే సెకనుకి సుమారు 1.8 మెగాబిట్లు. ఎనిమిది మందికి పంపాలంటే 15 లోపే. చాలా ఇళ్లలో ఇంతకన్నా ఎక్కువ అప్‌లోడ్ ఊరికే పడి ఉంది. వారాంతం ఒకటి కూచుంటే అయ్యే పని ఇది.

*

ఇక ఈ సర్వర్ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఎందుకు అంత అవసరమో చెప్పాలి.

మా తూర్పు హైదరాబాద్‌లో సినిమా హాళ్లకి ఎప్పుడూ కరువు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో థియేటర్ల పేర్లే చిరునామాలు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రెండు బాంబులు పేలినప్పుడు, ఎక్కడ అని దేశానికి చెప్పడానికి కూడా కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల పేర్లే వాడారు. నల్గొండ నుంచి, సూర్యాపేట నుంచి, ఖమ్మం నుంచి బస్సులో వచ్చేవాళ్లకి నగరం ఎల్బీనగర్ దగ్గర మొదలవుతుంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు. చదివే అలవాటున్న కుర్రకారు ఇంత దట్టంగా ఉండే పేటలు నగరంలో ఎన్ని ఉన్నాయి?

అయితే సినిమా గురించి మాట్లాడుకునే చోట్లు మాత్రం అటు పడమర వైపే. లామకాన్ బంజారాహిల్స్‌లో. పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ రవీంద్రభారతిలో. "మెట్రో ఉంది కదా" అంటారు. ఉంది. 2018 సెప్టెంబర్ 24 నుంచి ఎల్బీనగర్‌లో ఎక్కితే నేరుగా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. దూరం సమస్య మెట్రోతో తీరింది, గేటు సమస్య తీరలేదు. లేడీస్ హాస్టల్ గేటు తొమ్మిదికో తొమ్మిదిన్నరకో పడుతుంది. ఆరున్నరకి మొదలైన సినిమా తొమ్మిదికి ముగిసి, అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది. గేటు ఉన్న అమ్మాయి పేర్లు పడుతుండగానే లేచి పరిగెత్తాలి. లేదా అసలు రాకూడదు. గేటు లేని మగపిల్లలు చివరిదాకా కూచుని, టీ తాగి, రోడ్డు మీద ఇంకో గంట వాదించుకుని ఇంటికి పోతారు. మర్నాడు వ్యాసం రాసేది వాళ్లే. తెలుగులో సినిమా మీద రాసేవాళ్లలో ఆడవాళ్లు ఎందుకు తక్కువ అని చర్చలు పెడతాం, ఆసక్తి లేదని తేల్చేస్తాం. ఆ చర్చ మొదలయ్యే వేళకి గేటు పడిపోయిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

సర్వర్ ఆ గేటుని బద్దలు కొట్టదు. గేటు మీద పోరాటం వేరే చెయ్యాలి, చేసి తీరాలి. కానీ అది గెలిచేదాకా గది లోపలి నుంచే చర్చలో కూచునే హక్కు అయినా ఈ రాత్రికి దొరుకుతుంది.

*

"సినిమా అంటే థియేటరే. చీకటి, పెద్ద తెర, పక్కన తెలియని మనిషి. మిగతాదంతా సినిమా కాదు" అనేవాళ్లున్నారు. వాళ్ల ప్రేమ మీద నాకు గౌరవమే. కానీ వాళ్ల చరిత్ర అర్ధమే.

మన దేశంలో సినిమాని తీవ్రంగా తీసుకోవడం పెద్ద హాళ్లలో మొదలవలేదు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ కలిసి ఫెడరేషన్ అయ్యాయి. దొరికిన గదిలో దొరికిన ప్రింటు వేసుకుని చూసి, ఆ తర్వాత తెల్లారేదాకా కొట్లాడుకున్నవాళ్లు వాళ్లు. మన ఊరి సంగతే చూడండి. తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనగల్ ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. అప్పటికి ఆయన దర్శకుడు కాదు, ఒక విద్యార్థి. 'అంకుర్' వచ్చింది 1974లో. అదే మనిషి 1978లో తెలుగులో 'అనుగ్రహం' తీశాడు. దానికి ఒక్క ఏడాది ముందు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని 'ఒక ఊరి కథ'గా తెలుగులోకి తెచ్చాడు. తర్వాత బి. నరసింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ 'మా భూమి', 1988లో నరసింగరావే తీసిన 'దాసి'. ఇవన్నీ గాల్లోంచి ఊడిపడలేదు. సినిమాని ఆపి, వెనక్కి తిప్పి, తిట్టుకుని, మళ్లీ చూసే మనుషులు చిన్న చిన్న గదుల్లో ఉండబట్టి అలాంటి సినిమాలకి తీసేవాళ్లూ దొరికారు, చూసేవాళ్లూ దొరికారు.

అప్పుడు 16 ఎంఎం ప్రొజెక్టరు మోసుకొచ్చిన పనే ఇప్పుడు పాత లాప్‌టాప్ చేస్తోంది. పెద్ద తెర మీద ప్రేమతో ఆ చిన్న గదిని చిన్నచూపు చూస్తే నష్టపోయేది చివరికి పెద్ద తెరే.

*

రెండో అభ్యంతరం: "అన్నీ ఓటీటీలో ఉన్నాయి కదా, కలిసి చూసే ఫీచరు వాళ్లే ఇస్తారు కదా, ఈ తంటాలెందుకు?"

ఇచ్చారు. తీసుకున్నారు కూడా. వెబ్‌లో గది పెట్టుకుని కలిసి సినిమా చూసే రాబిట్ అనే సైటు 2019లో మూతపడింది. అంటే ప్రపంచమంతా ఇళ్లలో చిక్కుకుపోయి, దాని అవసరం అందరికీ పడబోయే కొద్ది నెలల ముందు. డిస్నీ ప్లస్ 2020లో గ్రూప్‌వాచ్ తెచ్చింది, 2023లో తీసేసింది. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, కొంప వాళ్లది. అద్దె కొంపలో మేకు కొట్టాలంటే ఓనరు అనుమతి కావాలి. ఆ గోడ మీద మన ముచ్చట్లన్నీ వేలాడదీసుకుని, ఓ రోజు గోడే లేకపోతే ఎవరిని తిడతాం?

ఇక "అన్నీ ఉన్నాయి" అన్న మాట. మీరు నిజంగా వెతికారా? గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' 1938లో వచ్చింది. కథ చలం. తెలుగు సాహిత్యం చదివేవాళ్లలో ఆ సంగతి తెలియనివాళ్లు అరుదు. సినిమా చూసినవాళ్లు ఎంతమంది? పాత సినిమాలు యూట్యూబ్‌లో దొరికినా ఎలా దొరుకుతున్నాయి? వెడల్పు తెరకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేసి, నటుల నుదుళ్లు ఎగరగొట్టి, మూలన ఓ లోగో అతికించి, సరిగ్గా మాట పెదవి మీద ఉన్నప్పుడు మధ్యలో సబ్బు ప్రకటన దూర్చి. ఇది చూసి "పాత సినిమాలు బోర్" అంటున్నారని పిల్లల్ని తిట్టడం అన్యాయం.

*

మూడో అభ్యంతరం కొంచెం గట్టిది: "ఇదంతా పైరసీకి పెట్టిన అందమైన పేరు."

దీనికి తప్పించుకునే జవాబు నేను చెప్పను. పైరసీ కోసం సర్వర్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. నిన్న విడుదలైన సినిమాని ఈ రాత్రి నలభై మందికి వేసి చూపిస్తే అది దొంగతనమే. అలాంటి గదిలో నేను ఉండను.

కానీ చట్టం ఏమంటుందో చదవకుండానే పైరసీ అనేవాళ్లు చట్టం ఇచ్చిన హక్కుని కూడా మన దగ్గర్నుంచి లాగేస్తున్నారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు. 1992 సవరణకి ముందు అది 50 ఏళ్లే ఉండేది. అంటే ఏటా జనవరి 1న ఒక ఏడాది సినిమాలు మొత్తంగా ప్రజల చేతికి వస్తాయి. 1951 నాటి 'మల్లీశ్వరి' 2012 నుంచి మనది. 1955 నాటి 'కన్యాశుల్కం' 2016 నుంచి మనది. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' ఆధారంగా 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' 2025 జనవరి 1న మనదైంది. ఆ రోజు ఎవరైనా పండగ చేసుకున్నారా? ఒక్క పత్రికైనా రాసిందా? పాటల సాహిత్యానికి, బాణీలకి వేరే గడువుంది. రచయిత, స్వరకర్త జీవితకాలం మీద మరో 60 ఏళ్లు. అందుకే మేం టికెట్టు పెట్టం, లింకు బయటికి ఇవ్వం, పాటలు విడిగా కోసి పంచం.

మా గదిలో మూడే రకాలు ఆడతాయి. గడువు తీరినవి. తీసినవాళ్లని అడిగి అనుమతి తెచ్చుకున్నవి. అధికారికంగా ఉచితంగా పెట్టినవి, వాటికి సర్వర్ ఆపడం నడపడం మాత్రమే చూసుకుంటుంది, బొమ్మ అసలు చోటు నుంచే వస్తుంది. కొత్త చిన్న సినిమా దర్శకులకి ఉత్తరం రాసి అడిగి చూడండి. పన్నెండు మంది కూచుని ఆపి ఆపి చూస్తారంటే కాదనేవాళ్లు తక్కువ.

అసలు దొంగతనం గురించి మాట్లాడాలంటే ఇంకోటి మాట్లాడుదాం. హక్కు ప్రజలకి వచ్చింది సరే, ప్రింటు ఏదీ? పుస్తకం అచ్చువేస్తే జాతీయ గ్రంథాలయానికి ప్రతి ఇవ్వాలని 1954లోనే చట్టం చేశారు. ఆ చట్టం సినిమాని పట్టించుకోలేదు. గడువు తీరేసరికి మంచి ప్రతి ఎవరి గోడౌనులోనో పులిసిపోతే మన చేతికొచ్చిన హక్కు ఖాళీ కవరు. దాని గురించి గొంతు విప్పనివాళ్లు, పాత డీవీడీ నుంచి 'కన్యాశుల్కం' వేసుకుని చూసే పదిమందికి నీతులు చెప్పొద్దు.

*

ఇప్పుడు నా వైపువాళ్లతో కొట్లాట. హోమ్ సర్వర్ పెట్టుకున్న మన సోదరుల్లో చాలామందికి సినిమా మీద ప్రేమ కన్నా హార్డ్ డిస్కు మీద ప్రేమ ఎక్కువ. "భయ్, నా దగ్గర 12 టెరాబైట్లు ఉంది." సరే భయ్, పోయిన నెలలో ఎన్ని చూశావ్? ఎవరితో చూశావ్? పోస్టర్లు వరసగా పేర్చి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం బీరువాలో చదవని పుస్తకాలకి అట్టలేసుకోవడం లాంటిదే. నలుగురు కూచోని సర్వర్ గోడౌనే.

ఇంకో జబ్బు కూడా ఉంది. సింక్‌ప్లేలో ఒక రకం గది ఉంటుంది, అందులో ఆపే అధికారం నిర్వాహకుడికే. మిగతావాళ్లు ప్రేక్షకులు. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి మగ మహానుభావుడికీ మొదట నచ్చేది ఈ గదే. "డిస్టర్బెన్స్ ఉండదు" అంటాడు. డిస్టర్బెన్స్ లేకుండా చూడాలంటే ఒంటరిగా చూసుకోవచ్చుగా? నేను ఆ సెట్టింగుని ముట్టుకోను. మా గదిలో పాజ్ బటన్ అందరిదీ. ఒకటే నియమం: ఆపినవాళ్లు ఎందుకు ఆపారో చెప్పాలి.

ఆ నియమం వల్ల ఏమవుతుందో 'కన్యాశుల్కం' చూసిన రాత్రి చెప్తాను. పక్కన 1909 నాటి ప్రతి పెట్టుకుని చూస్తున్నాం. గిరీశం ఎన్టీఆర్, మధురవాణి సావిత్రి, లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు. ఎనిమిది మందిమి. టీచర్ ఉద్యోగం కోసం కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి ఆపేసింది. "అన్నా, ఆగుండ్రి. ఒకటి అడగాలె. పుస్తకంల గిరీశం మాట వింటుంటే నాకు ఒళ్లు మండింది. ఇక్కడ మండుతలేదు. ఎందుకు?" అని టైపు చేసింది. ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. కాసేపటికి తనే రాసింది: ఎన్టీఆర్ మొహం గిరీశాన్ని ముందే క్షమించేసింది అని. ఒకాయన ఒప్పుకోలేదు. నాటకం వేసినా జనం గిరీశాన్నే చూసి మురుస్తారమ్మా, ఆ తంటా గురజాడ దగ్గరే ఉంది, ఎన్టీఆర్ మీదికి తోయడం కాదు అన్నాడు. ఇంకొకామె బుచ్చమ్మ సంగతి ఎత్తింది. ఈ గొడవలో గిరీశాన్ని క్షమించాలా వద్దా అని బుచ్చమ్మని ఎవరూ అడగలేదేం అని. ఆ రాత్రి సినిమా సగం కూడా అవలేదు. మరుసటి ఆదివారం మిగతాది చూశాం.

ఇది థియేటర్లో జరగదు. అక్కడ సినిమా ఆగదు. ఒంటరిగా చూసినా జరగదు. అక్కడ ఆపినా అడిగేవాళ్లుండరు. రిలీజ్ రోజే పదిహేను వందల మాటల సమీక్ష దించే మన పద్ధతిలో అస్సలు జరగదు. ఆ సమీక్షల్లో ప్రశ్న కన్నా తీర్పు ముందొస్తుంది. సాహిత్య విమర్శ అనేది ఎక్కడ పుడుతుంది అంటే, నాకు తెలిసినంతలో, ఎవరో ఆపి "ఒకటి అడగాలె" అన్న చోట.

*

కాబట్టి చెయ్యాల్సింది చెప్తాను. మీ గదిని పెద్దది చేయకండి. పన్నెండు మంది దాటితే మాట్లాడేవాళ్లు తగ్గి చూసేవాళ్లు మిగులుతారు. అప్పుడు రెండో సర్వర్ పెట్టండి. చైతన్యపురిలో ఒకటి, సరూర్‌నగర్‌లో ఒకటి, వనస్థలిపురంలో ఒకటి. పాస్‌వర్డులు ఒక్కరి దగ్గరే ఉండనివ్వకండి. కనీసం ఇద్దరికి తెలియాలి, ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి ఉండాలి. సర్వర్ నడపడం అంటే అంట్లు తోమడం లాంటి పని. అప్‌డేట్లు వేయాలి, బ్యాకప్ తీయాలి, డిస్కు మూలుగుతుంటే వినాలి. ఆ పని వంతులు వేసుకోకపోతే ఏడాదిలో ఒకడు నాయకుడవుతాడు, మిగతావాళ్లు అభిమానులవుతారు, ఆ తర్వాత ఎవరూ ఉండరు.

సబ్‌టైటిళ్లు తెలుగులో రాయండి. ఆపిన చోట పుట్టిన ప్రశ్నలు దాచిపెట్టండి. ఏటా జనవరి 1న ఆ ఏడాది మన చేతికొచ్చిన తెలుగు సినిమాల జాబితా తయారు చేసి, అందులో ఒకటి ఆ రాత్రే చూడండి. ఈ దేశంలో ప్రజలకి ఏదైనా తనంతట తానుగా తిరిగొచ్చే రోజు అదొక్కటే.

ముందు అటక మీద ఉన్న పాత లాప్‌టాప్ దించి దుమ్ము దులపండి. ఏ సినిమా వేయాలన్న దగ్గర ఎలాగూ కొట్లాడుకుంటాం.